పాత పికప్‌లో ప్లగ్గులు మార్చినా మిస్సింగ్ పోవట్లేదా? ఇంజెక్టర్లు అప్పుడే కొనకండి

ప్లగ్గులు ఆరూ మార్చినా పి0304 కోడ్ (నాలుగో సిలిండర్ సరిగా మండట్లేదని, అంటే మిస్సింగ్) మళ్ళీ వచ్చింది, లోడ్ మీద దగ్గుతోంది, ఇంజెక్టర్లు (సిలిండర్లకి పెట్రోల్ చిమ్మేవి) కొనాలా అని అడిగారు కదా. ఆగండి. నేనూ అచ్చం ఇదే చేసి డబ్బులు తగలేశా. నాదీ పాత వీ6 పెట్రోల్ పికప్పే, ఒక్కో ప్లగ్గుకీ వరుసగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరూ, పొడుగు ప్లగ్గు వైర్లూ ఉన్న రకం. ఐడ్లింగ్‌లో పెద్దగా తెలిసేది కాదు, లోడు వేసుకుని ఎత్తు ఎక్కుతుంటే మాత్రం ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు కుదుపులు. ప్లగ్గులు మార్చా, రెండ్రోజులు బాగా నడిచింది, మూడో రోజు మళ్ళీ మొదలు. ఫ్యూయల్ పంపు మీద అనుమానమొచ్చి అదీ మార్చేశా, మిస్సింగ్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

చివరికి విసుగొచ్చి నాలుగో సిలిండర్ ప్లగ్గు, అదీ కొత్తదే, బయటికి తీసి వెలుతుర్లో తిప్పి చూస్తే తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత, పై కొస నుంచి కింద ఇనుము దాకా. గుడ్డతో తుడిచినా, గోరుతో గీకినా పోలేదు. వైరు చివరి రబ్బరు బూటులోకి టార్చ్ వేస్తే అక్కడా అదే గీత. కరెంటు ఒకసారి ఆ దారి పట్టిందంటే ఇక లోపల గ్యాప్‌లో దూకకుండా బయట నుంచే ఇంజిన్‌కి ఎర్త్ అయిపోతుంది. లోడ్ పడినప్పుడు సిలిండర్‌లో ప్రెషర్ పెరిగి, గ్యాప్ దాటడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, అందుకే ఎత్తులోనే దొరికిపోయేది. పాత బూటు అలాగే ఉంచి ప్లగ్గు ఒక్కటే మార్చా కాబట్టి బూటులో గీత కొత్త ప్లగ్గునీ పాడుచేసింది. ప్లగ్గులూ వైర్లూ కలిపి మార్చాక మళ్ళీ రాలేదు.

మీ బండిలోనూ ఇదేనని నేననను, కానీ రూపాయి ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. నాలుగో ప్లగ్గునీ, వైరు పొడవు సరిపోతే దాన్నీ పక్క సిలిండర్‌తో, అది రెండోది అనుకుందాం, అటూఇటూ మార్చండి (డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీద ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, మాత్రం తప్పకూడదు), కోడ్ చెరిపేసి కాసేపు లోడ్ మీద నడపండి. కోడ్ చివరి అంకె సిలిండర్ నంబరు కాబట్టి మిస్సింగ్ ప్లగ్గుతో పాటు రెండో సిలిండర్‌కి వెళ్తే పి0302 వస్తుంది, దొంగ దొరికినట్టే. రాత్రి చీకట్లో ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద నీళ్ళు మంచులా కొట్టి చూడండి, లీకయ్యే చోట నీలంగా చిటపటమంటుంది. చేతులు దూరంగా పెట్టండి, ఆ షాక్ నేను తిన్నా, మోచేతి దాకా జివ్వుమంది. క్యాప్ విప్పి లోపల పగుళ్ళూ, పచ్చటి చిలుమూ ఉన్నాయేమో కూడా చూడండి.

కోడ్ నాలుగులోనే ఉండిపోతే అప్పుడు ఇంజెక్టర్ సంగతి. పొడుగు స్క్రూడ్రైవర్ కొన ఇంజెక్టర్ మీద, పిడి చెవికి ఆనించి వినండి, టిక్‌టిక్ మిగతావాటిలాగే రావాలి. అదీ బాగుంటే ఏదైనా కొనేముందు కంప్రెషన్ (సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో) చూడాల్సిందే. నాలుగో సిలిండర్ ఒక్కటే తక్కువ చూపిస్తే ప్లగ్గు కన్నంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవండి, పెరిగితే పిస్టన్ రింగులు, పెరక్కపోతే చాలావరకు వాల్వులు. పక్కపక్క సిలిండర్లు రెండింటిలోనూ పడిపోతే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) అనుమానించండి, కూలెంట్ కూడా తగ్గుతుంటే మరీను.

ఐడ్లింగ్‌లోనే వణికి, రేజ్ చేస్తే సర్దుకుంటే మాత్రం వాక్యూమ్ పైపులు చూడాలి, పాత బండ్లలో రబ్బరు ఎండి వెనకవైపు చీలుతుంది. మీరు చెప్పినదాన్ని బట్టి మీది అది కాదు.

ఇంకోటి, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, టకటకా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటుంటే యాక్సిలరేటర్ వదిలేసి పక్కకి ఆపేయండి, కాలని పెట్రోల్ పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్ళి అక్కడ మండి దాన్ని కరిగించేస్తుంది, అది పోతే ఈ ప్లగ్గుల ఖర్చు నవ్వులాటలా అనిపిస్తుంది. ముందు ఆ నాలుగో ప్లగ్గు తీసి గీత ఉందో లేదో చెప్పండి.