పాత ఇన్వర్టర్ బ్యాటరీని ఎవరికి ఇవ్వాలి?

ప్రశ్న: మా ఇన్వర్టర్ బ్యాటరీ నాలుగేళ్లకే చార్జింగ్ నిలుపుకోవడం మానేసింది. కొత్తది కొంటే పాతదానికి కొంత తగ్గిస్తామని షాపువారు అన్నారు. మా వీధికి వచ్చే పాత సామాన్ల వ్యాపారి మాత్రం, లోపలి యాసిడ్‌ను కాలువలో ఒంపేసి ఇస్తే అంతకన్నా నాలుగు వందలు ఎక్కువ ఇస్తానంటున్నాడు. వాడేసిన రిమోట్ సెల్సు కూడా డబ్బా నిండా ఉన్నాయి. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బ్యాటరీని మూతలు తీయకుండా, పక్కకు వాల్చకుండా, యాసిడ్‌తో సహా షాపుకే ఇవ్వండి. ఆ నాలుగు వందలు వదులుకోమనే నా మనవి.

మీరు కాలువలో ఒంపబోయేది సీసపు మడ్డి కలిసిన గంధకామ్లం. నూలు చీర మీద దాని చుక్క పడితే అప్పటికి ఏమీ కనిపించదు గాని, ఉతికి ఆరేసేసరికి అక్కడ చిల్లు తేలుతుంది. ఇక బ్యాటరీ బరువులో సగానికి పైగా ఉండే సీసం 327 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కనుక, ఊరి చివర రేకుల షెడ్డులో ఒక పొయ్యి, ఒక ఇనుప మూకుడు ఉంటే చాలు, కరిగించి అమ్ముకునేవారు ఉంటారు. ఆ ధూళి పనివారి బట్టలకు అంటుకుని వారి ఇళ్లకు చేరి, నేల మీద పాకే పసిపిల్లల నోళ్లలోకి పోతుంది. రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే పరవాలేదు అనదగిన హద్దే తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ముందుగా దెబ్బతీసేది పిల్లల మెదడునే. వ్యాపారి మీద కోపం వద్దు, ఆ ధూళికి దగ్గరగా బతికేది అతనిలాంటివారే.

అనుమతి ఉన్న కర్మాగారంలోనైతే ప్లాస్టిక్ పెట్టెను, యాసిడ్‌ను, సీసాన్ని వేరుచేసి, పొగను వడగట్టి కరిగిస్తారు. ఎన్నిసార్లు శుద్ధి చేసినా సీసం గుణం తగ్గదు కాబట్టి మీ బ్యాటరీలోని పలకలు మళ్లీ పలకలే అవుతాయి. 2001 నాటి నియమాలు సీసం బ్యాటరీలకే పరిమితం కాగా, 2022 ఆగస్టులో వచ్చిన నియమాలు అన్ని రకాల బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి; ఇతర చెత్తలో కలపకుండా అప్పగించడం మన వంతు. పాతదానికి తగ్గించిన మొత్తాన్ని బిల్లులో రాయించుకోండి.

రిమోట్ సెల్సును తడి చెత్తలో వేయకండి, కాల్చకండి. చిన్నప్పుడు మేమంతా వాటిని పగలగొట్టి, లోపలి బొగ్గు కడ్డీతో గోడల మీద రాసినవాళ్లమే. మీ పిల్లలను మాత్రం అలా చేయనివ్వకండి. పురపాలక వాహనంలో ప్రమాదకర చెత్త కోసం ఉంచిన విడి డబ్బాలో వాటిని వేయించండి. బిళ్లలాంటి బటన్ సెల్సు ఉంటే ఈ రోజే ఏరి, రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందని చోట పెట్టండి. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చగలవు కనుక, అనుమానం వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.