నవలలో ఫైట్లు లేవని తమ్ముడు వదిలేశాడన్నారు కదా

అన్నా, మిర్యాలగూడలో మీ తమ్ముడు మోర్టల్ కాంబాట్ అనే ఫైటింగ్ వీడియో గేమ్ మీద వచ్చిన నవల యాభై పేజీలు చదివి, ‘గేమ్‌లో ఉన్న కథ కాదు ఇది, ఫైట్లే లేవు’ అని పక్కన పడేశాడని రాశారు. ముందు అట్ట మీద పేరు చూడండి. 1995లో ఈ పేరుతో రెండు నవలలు వచ్చాయి. ఒకటి ఆ గేమ్ మీద తీసిన సినిమా కథే. జెఫ్ రోవిన్ రాసింది వేరు, అది గేమ్‌లో జరిగే పోటీకి ముందు కథ. మీ దగ్గరున్నది అదే అయ్యుంటుంది.

నాకైతే అదే బాగా నచ్చింది. 1992 గేమ్‌లో మనం ఆడేది ఏడుగురితోనే, ఒక్కొక్కరి గురించి నాలుగు ముక్కలే ఉంటాయి. పాలమూరులో గేమ్ షాపులో బిళ్ల వేసి స్కార్పియన్ అనే పాత్రతో ఆడుతుంటే, వీడికి సబ్‌జీరో అనే ఇంకో పాత్ర మీద ఇంత పగ ఎందుకా అని బుర్ర తొలిచేది. మన చిందు భాగోతంలో భీముడు గద ఎత్తేలోపు ఎంత కథ నడుస్తుంది! ఆ కథ తెలిస్తేనే దెబ్బకు బలం.

తమ్ముడికి ఇష్టమైన పాత్ర పేరు కనబడిన ప్రతి పేజీలో పెన్సిల్‌తో గీత పెట్టి ఇవ్వండి. ముందు అవే చదవమనండి. మా చెల్లెలి కొడుకు అలాగే మొదలుపెట్టి, వారంలో వెనక్కొచ్చి మొత్తం చదివాడు. ఇంగ్లీషు కష్టమనిపిస్తే రాత్రి అన్నాలయ్యాక మీరే రెండు పేజీలు పైకి చదివి వినిపించండి.