మొదటి విమానం అతికించబోయే అల్లుడికి

కావలి

చిరంజీవి అల్లుడికి,

చెన్నై నుంచి తెప్పించుకున్న స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ కిట్ ఒంగోలు చేరిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రంగుల సంగతి తర్వాత చూద్దాం. అతికించే సంగతి మాత్రం నువ్వు సీసా మూత తీయకముందే రాయాలనిపించింది.

కిట్ ముక్కల్ని అతికించే సీసా ద్రవాన్ని లిక్విడ్ సిమెంట్ అంటారు, దాన్ని మామూలు జిగురు అనుకోకు అబ్బయా. ఫెవిక్విక్ రెండు ముక్కల మధ్య పొరలా గట్టిపడి వాటిని పట్టి ఉంచుతుంది. సిమెంట్ కిట్ ప్లాస్టిక్‌నే, అంటే పాలీస్టైరీన్‌నే, పైపైన కరిగిస్తుంది. కరిగిన అంచులు కలిసిపోయాక ద్రావకం ఆవిరైపోయి ఒకే ముక్క మిగులుతుంది. అందుకే రంగు మీద, క్రోమ్ పూత మీద అది పట్టదు. అంచు గీకి అసలు ప్లాస్టిక్ కనిపించాకే పెట్టాలి. రెజిన్, ఇత్తడి ముక్కలకు ఫెవిక్విక్కే.

మొదటిసారికి టామియా కంపెనీ ఎక్స్‌ట్రా థిన్ సిమెంట్ కొనుక్కో. పచ్చ మూత, 40 మిల్లీలీటర్ల సీసా, మూతకే సన్నటి కుంచె. క్విక్ సెట్టింగ్ రకం కూడా ఉంది గానీ, మన ఎండలకు అది మరీ తొందరగా ఆరిపోతుంది. చేయి కుదిరేదాకా వద్దు.

ముందు పొడిగానే జత చేసి చూడు. తర్వాత రెండు సగాలూ దగ్గరగా పట్టుకుని, కుంచెను సీసా అంచుకు ఒత్తి తీసి, సందుకు ఆనించు. అంతే. వత్తి నూనె పీల్చినట్టు సందే లాక్కుంటుంది. నెమ్మదిగా ఒత్తితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి గీతలా పైకి ఉబుకుతుంది. దాన్ని తుడవకు. ఒకరోజు ఆగి గరుకు కాగితంతో రుద్దితే అతుకు కనిపించదు.

ఆ పీల్చుకునే గుణమే నా మొదటి రెక్కను పాడుచేసింది. సందు మీద వేలు ఆనించి పట్టుకున్నాను. సిమెంట్ వేలి కిందికి పాకి, నా వేలిముద్ర రెక్క మీద అచ్చుపడింది. రెండు సాయంత్రాలు రుద్దితే ముద్ర పోయింది, దాంతోపాటు రివెట్ల వరసలూ పోయాయి. ఎంత బాధపడ్డానో మీ అమ్మకు తెలుసు. టేపు కిందికి కూడా అలాగే పాకుతుంది, టేపు ఉన్నచోట కుంచె పెట్టకు. ఎక్కడైనా బొట్టు పడితే ముట్టుకోకుండా ఆరనివ్వు.

పైలట్ తల మీద ఉండే పారదర్శకమైన కప్పుకు ఫెవికాల్ వాడు. ఫెవిక్విక్ పెడితే తెల్లగా మసకబారుతుంది.

కిటికీలు తెరిచి కూర్చో, ఆ ఆవిరి పీల్చకూడదు. దానికి మంట కూడా అంటుకుంటుంది కాబట్టి గదిలో దోమల కాయిల్ వెలిగించొద్దు. సీసా ఒరగకుండా మందపాటి అట్టకు రంధ్రం చేసి అందులో నిలబెట్టు. థర్మోకోల్ వద్దు, అదీ పాలీస్టైరీనే, బొట్టు పడితే కరిగిపోతుంది.

రెక్కలు అతికించిన రాత్రి వాటిని కదిలించకు. తెల్లారాక ఎదురుగా పెట్టి ఫోటో తీసి పంపు, రెండు పక్కలా ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో నేనూ చూస్తాను.

మీ మామయ్య