కార్డుంది, అయినా చేతులాడలేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, చిత్తూరులో ఒక నర్సింగ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని. పోయినేడు గుండె ఆగిన మనిషిని బతికించడం నేర్పే కోర్సులు బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ రెండూ చేశా, కార్డులూ ఉన్నాయి. మొన్న నైట్ డ్యూటీలో పేషెంట్‌కి గుండె ఆగిపోతే (కార్డియాక్ అరెస్ట్) అందరం అరుచుకోవడమే సరిపోయింది. గుండె మళ్లీ కొట్టుకోవడానికిచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ ఎవరిచ్చారో, ఎన్నిసార్లు ఇచ్చారో ఇప్పటికీ తెలీదు. గొంతులోకి చూసి శ్వాస గొట్టం వెయ్యడానికి వాడే లారింగోస్కోపు తీస్తే లైటు వెలగలా. మళ్లీ కోర్సుకి డబ్బు కట్టాలా?

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. కార్డు రెండేళ్లు చెల్లుద్ది గానీ చేతికొచ్చిన పని వాడకపోతే కొన్ని నెలలకే జారిపోద్ది, పైగా మీరు కోర్సు చేసింది ఎవరో తెలీని వాళ్లతో ఏసీ హాల్లో, రాత్రి రెండింటికి మీ పక్కనుండేది మీ వార్డు బాయ్, నిద్ర కళ్లతో వచ్చిన డ్యూటీ డాక్టరు.

అందుకే ఎవరికో గుండె ఆగిందనుకుని చేసే ప్రాక్టీసు మీ వార్డులోనే, మీ ఎమర్జెన్సీ ట్రాలీతోనే, మీ మనుషులే చెయ్యాలి. డ్యూటీ మారే టైంలో పది నిమిషాలు చాలు. ఖాళీ బెడ్ మీద పేషెంట్ బదులు దిండు పెట్టండి. ఛాతీని నొక్కాల్సిన 5-6 సెంటీమీటర్ల లోతు దిండుతో తెలీదు, దానికి బొమ్మ కావాల్సిందే, కానీ ఎవరెక్కడ నిలబడాలి, రెండు నిమిషాలకోసారి నొక్కేవాళ్లు ఎలా మారాలి, ఆ మారేటప్పుడు పది సెకన్లు దాటకుండా ఎట్లా అనేది దిండుతోనే వచ్చేస్తది.

"ఎవరైనా అడ్రినలిన్ ఇవ్వండమ్మా" అంటే ఎవరూ ఇవ్వరు, లేదా ఇద్దరిస్తారు. పేరు పెట్టి పిలిచి "ఒక మిల్లీగ్రాము ఐవీ" (అంటే నరంలోకి) అనాలి, ఆమె అదే మాట తిరిగి చెప్పాలి, ఇచ్చాక "ఇచ్చేశా" అని గట్టిగా అనాలి. ఒకరు వేరే పనేం పెట్టుకోకుండా గడియారం చూసి రాసుకోవాలి, మళ్లీ డోసు 3 నుంచి 5 నిమిషాలకి కదా. డాక్టరు కూడా దిగి చెయ్యాలి, చేతులు కట్టుకుని చూస్తా నిలబడితే కుదరదు (మా వాళ్ల సంగతి నాకు తెలుసులే).

నైట్ షిఫ్టులోనూ చెయ్యండి. మా తిరుపతిలో అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కే జనంలో షుగరు, బీపీ, గుండె జబ్బులున్నోళ్లు ఎందరో, వాళ్లకి ఏమన్నా అయితే టైం చూసుకుని అవదు గదా.

అయిపోయాక అయిదు నిమిషాలు నిలబడే మాట్లాడుకోండి, ఏది లేటయింది అని అడగండి, ఎవరి వల్ల అని అడిగారో మళ్లీసారికి ఒక్కరూ రారు.

ఇక ఆ లారింగోస్కోపు, షిఫ్టు షిఫ్టుకీ వెలిగించి చూసి సంతకం పెట్టండి. స్పేర్ బ్యాటరీలు ట్రాలీకే ప్లాస్టరేసి అతికించండి, లేకపోతే టీవీ రిమోట్‌కని ఎవరో ఒకరు పీక్కెళ్తారు.