నెల సరుకుల ఖర్చు తగ్గాలంటే చీటీ కంటే ముందు వంట రాసుకోండి

మీరు అడిగింది: నెల్లూరులో నలుగురం ఉంటాం, సరుకులు, కూరగాయలు, పాలు, చేపలు అన్నీ కలిపి నెలకి పదహారు వేలు దాటుతోంది, ఎక్కడ తగ్గించుకోవాలో తెలియట్లేదు అని. మేం వేదాయపాళెంలో ఉంటాం, మా అత్తతో కలిపి అయిదుగురం. మాకూ ఇంచుమించు అంతే అయ్యేది. ఇప్పుడు పన్నెండు వేలు, పండగ నెలల్లో పదమూడు. కడుపు మాడ్చుకుని మిగిల్చింది కాదు, ఆదివారం చేపల పులుసు ఆగలేదు.

ఖర్చు తగ్గించాలి అనగానే అందరూ బియ్యం, పప్పు మీద పడతారు. ఫలానా అంగట్లో కిలోకి రెండు రూపాయలు తక్కువంట అని ఊరవతలకి పోయి పెట్రోలు తగలేస్తారు. బియ్యం, పప్పుల ఖర్చు నెలనెలా పెద్దగా మారదు. డబ్బు కారిపోయేది నెల మధ్యలో, అదీ సాయంత్రం పూట. ఆరున్నరకి "ఈ పూటకి ఏం చేద్దాం?" అని మొదలవుతుంది చూడండి, అక్కడ. దోసె పిండి లేదు, ప్యాకెట్ పిండి తెస్తాం. కూర లేదు, కర్రీ పాయింట్‌కి పోతాం. కొత్తిమీర కట్ట కోసం ఫోన్లో ఆర్డర్ పెట్టబోయి, డెలివరీ చార్జీ పడకూడదని ఇంకో నూట యాభైకి అక్కర్లేని సరుకు వేస్తాం. ఇవేవీ నెల చీటీలో ఉండవు కాబట్టి లెక్కలోకి రావు.

అందుకే చీటీ కంటే ముందు వారం వంట రాసుకోమంటాను. పెద్ద పట్టిక ఏమీ కాదు. మా వంటింటి అలమర తలుపు లోపలివైపు పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి అంటించాం, దాని మీద పెన్సిలుతో రాస్తాను. ఆదివారం చేపల పులుసు. కాస్త ఎక్కువే పెడతాం. పులుసు మర్నాడే రుచని నెల్లూరోళ్లకి చెప్పాలా? మాకు సోమవారం పట్టింపు లేదు కాబట్టి ఆ ఉదయం దోసెల్లోకి అదే. వారంలో మూడు రోజులు పప్పు, అందులో ఒకటి గోంగూరో చింతచిగురో, ఆ వారం ఏది చవగ్గా ఉంటే అది. రెండు రోజులు పప్పుచారు, పక్కన ఒకరోజు వేపుడు, ఒకరోజు గుడ్లు. ఒకరోజు మాత్రం ఏమీ రాయను. ఫ్రిజ్‌లో మిగిలిన రెండు వంకాయలు, అర సొరకాయ ముక్క ఆ రోజు పులుసులోకో పచ్చట్లోకో పోతాయి. ఖాళీగా వదిలిన ఆ రోజు వల్లే మా ఇంట్లో కూరగాయలు కుళ్లడం ఆగింది.

వంట రాశాక చీటీ దానంతట అదే తేలుతుంది. కందిపప్పే చూడండి. మాకు పప్పు చేస్తే గ్లాసు, అంటే నూట యాభై గ్రాములు, పప్పుచారుకి అర గ్లాసు. వారానికి నాలుగు గ్లాసులు, నెలకి రెండున్నర కిలోలు. అలవాటు చీటీలో నాలుగు కిలోలు ఉండేది. మిగిలింది డబ్బాలో అడుగున పడి పురుగు పట్టేది. ఇదే లెక్క మినప్పప్పుకీ, బెల్లానికీ, నూనెకీ వేసుకోండి.

నూనె సంగతి విడిగా చెప్పాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో మనిషికి రోజుకి నూనె, కొవ్వులు 27 గ్రాములు అని ఉంది. మీ నలుగురికీ లెక్కేస్తే నెలకి మూడుంబావు కిలోలు, అంటే దాదాపు మూడున్నర లీటర్లు. మీ చీటీలో ఎంత రాస్తున్నారో ఒకసారి చూసుకోండి. ఒకటో తారీఖున నెలకి సరిపడా నూనె ఒక క్యాన్‌లో పోసి పెట్టండి, ఇరవయ్యో తారీఖుకి అదెంత దిగిందో కంటికి కనపడుతుంది. కొనేటప్పుడు ప్యాకెట్ ఎత్తు చూసి మోసపోవద్దు. లీటరు నూనె బరువు ఇంచుమించు 910 గ్రాములు. 850 గ్రాముల ప్యాకెట్టూ చూపుకి అట్నే ఉంటుంది. గ్రాముకి, కిలోకి, లీటరుకి ఎంత పడుతుందో ప్యాకెట్ మీద ముద్రించాలని నిబంధన ఉంది, ఎమ్మార్పీ పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. పోల్చాల్సింది దాన్నే. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అనే బోర్డు దగ్గరైతే మరీ.

ఇక ఏడాదికోసారి కొనేవి. కాలం చూసి కొంటే వీటిలోనూ కలిసొస్తుంది. చింతపండు, ఎండుమిరపకాయలు, కందిపప్పు, వీలైతే బియ్యం. చింతపండు కొత్తది మార్చి, ఏప్రిల్‌లో దిగుతుంది. గింజతో ఉన్నది చవక అనిపిస్తుంది గానీ గింజలు, ఈనెలు, పెంకులు పోతే కిలోకి ఆరు వందల గ్రాములు మిగిలితే గొప్ప. ఆ లెక్కన గింజ తీసినదాని ధరతో పోల్చి, ఏది తక్కువైతే అది తీసుకోండి. ఒలిచే ఓపిక ఉన్న అత్తో అమ్మో ఇంట్లో ఉంటే తప్ప నేనైతే గింజ తీసిందే కొంటాను. ఎండబెట్టి, ఉప్పు కలిపి జాడీలో అదిమి పెడితే మళ్ళీ ఎండాకాలం దాకా చూసుకోనక్కర్లేదు. మిరపకాయలూ ఆ రోజుల్లోనే. మిద్దె మీద బాగా గలగలలాడేలా ఎండబెట్టి మిల్లులో పట్టిస్తే ప్యాకెట్ కారం వైపు చూడబుద్ధి కాదు. ఎర్రకారం దోసెకి ఆ రంగు ప్యాకెట్‌లో ఎక్కడొస్తుంది.

కందులు ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో ఎక్కువ, జనవరి, ఫిబ్రవరికి పంట చేతికొస్తుంది. మా అత్త పుట్టిల్లు పొదిలి వైపు కాబట్టి అక్కడి నుంచి తెప్పించుకుంటాం. మీకు అలాంటి దారి లేకపోతే ఆ రోజుల్లో స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ అంగళ్లలో అడగండి. ఇద్దరు ముగ్గురు చుట్టాలు కలిసి ఒక బస్తా పంచుకుంటే అందరికీ కలిసొస్తుంది. మా అత్త ఆముదం పట్టించి ఎండబెడుతుంది, ఏడాదైనా పురుగు రాదు.

బియ్యం సంగతి: మన జిల్లాలో పెద్ద పంట కోతలు మార్చి, ఏప్రిల్‌లో అవుతాయి, ధర అప్పుడే కాస్త దిగుతుంది. కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది, ఒదగదు. చోటుంటే అప్పుడు కొని, వేపాకు వేసి అయిదారు నెలలు ఆగితే పాతబడి ఎదుగుతుంది. చోటు లేకపోతే ఆ యావ వదిలేయండి. బస్తా 26 కిలోలే ఎందుకుంటుందో తెలుసా? 2022 జులై నుంచి 25 కిలోల దాకా ఉండే ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. ఒక కిలో ఎక్కువ పెడితే పన్ను లేదు. అందుకని అయిదు, పది కిలోల బ్యాగులు కొనడం కంటే 26 కిలోల బస్తా నయం.

రేషన్ కార్డు ఉంటే స్టోరు బియ్యం వదులుకోవద్దు. అన్నానికి నచ్చకపోతే దోసెలకి, ఇడ్లీలకి అంతకంటే మంచివి లేవు. మేం మూడు గ్లాసుల స్టోరు బియ్యానికి గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు వేసి వారానికి రెండుసార్లు రుబ్బుతాం. ప్యాకెట్ పిండి ఖర్చు ఆ దెబ్బతో పోయింది. కడిగేటప్పుడు వేరుగా కనిపించే గింజలు ప్లాస్టిక్ బియ్యమని కొందరు పారబోస్తారు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన గింజలు, నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. కనిపిస్తే వాటిని పారేయకండి.

కూరగాయలకి, చేపలకి వారం వారం నోట్లు తీసి డబ్బాలో పెట్టుకోండి. స్కాన్ చేసి కట్టేస్తుంటే ఎంత పోయిందో తెలియదు, నోట్లయితే చేతిలో తరుగుతూ కనపడతాయి. రైతుబజారుకి పొద్దున్నే పోతే బోర్డు మీద ధర చూసుకుని కొనొచ్చు. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), ఉర్లగడ్డలు (బంగాళాదుంపలు) మాత్రం పదిహేను రోజులకోసారి చాలు. చేపల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, వంజరం లాంటివి కొండెక్కి కూర్చుంటాయి. ఆ రెండు నెలలూ చెరువు చేపలు, బొచ్చె, శీలావతి తెచ్చుకోండి, మామిడికాయ కూడా అప్పుడే కదా. రొయ్యలు కిలో ధర చూసి సంబరపడొద్దు, ఒలిస్తే అర కిలో పైచిలుకు మిగులుతుంది.

సబ్బులు, షాంపూ, పేస్టు తిండి లెక్కలో కలపకండి. బిల్లు పెద్దదిగా కనపడటానికి సగం కారణం అవే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బు, షాంపూ, పేస్టు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో ఒకసారి సరిచూసుకోండి.

పిల్లల చిరుతిండి గురించి కూడా అడిగారు. మా ఇంట్లో బడి నుంచి రాగానే బొరుగులు, వేయించిన చెనక్కాయలు, ఎర్రగడ్డ తరిగి, కాస్త కారం, నిమ్మరసం. గూడూరు, పొదలకూరు నిమ్మకాయలకి పేరు గానీ ఎండాకాలం వాటి ధర మనకీ మంటే, అప్పుడు మామిడికాయ కోరు వేస్తాను. నెలకోసారి మురుకులు, వేరుశెనగ ఉండలు. ప్యాకెట్లు పూర్తిగా మానిపిస్తే దాచుకుని కొనుక్కుంటారు, మా చిన్నోడు అదే చేశాడు. అందుకని ఆదివారం తలా ఒకటి. ఏది కావాలో వాళ్లనే ఎంచుకోమంటాను, ఇరవై రూపాయలు దాటకూడదు.