మంచు నీళ్లకు 'మూడ్' ఉంటుందా?

సందేహం: ఐస్‌లాండ్‌లోని యోకుల్‌సార్‌లోన్ సరస్సు ఫొటోలు మా తెలుగు సంఘం పోటీకి వచ్చాయి. న్యాయనిర్ణేతల వ్యాఖ్యలు తెలుగులో రాయాలి. 'మంచు నీళ్లు' అంటే ఫ్రిజ్‌లో నీళ్లలా ఉందంటున్నారు. 'మూడీ'గా ఉందనడానికి 'దిగులు నీళ్లు' అనవచ్చా?

సమాధానం: 'మంచు నీళ్లు' మీద వచ్చిన అభ్యంతరం సరైనదే. తెల్లారి గడ్డి మీద మెరిసేదీ, చలికాలంలో రోడ్డును కమ్మేసేదీ, హిమాలయాల్లో కురిసేదీ, నీళ్లు గడ్డకడితే అయ్యేదీ అన్నీ మనకు మంచే. పోనీ సంస్కృతం వైపు వెళదామా అంటే అక్కడా ఇదే పరిస్థితి. నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం అన్నిటినీ అమరకోశం ఒకే వరుసలో పర్యాయపదాలుగా చెప్పింది. 'హిమానీ'ని మాత్రం విడదీసి, మంచు రాశి అని అర్థమిచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లోని 'హిమానీనదం' (గ్లేసియర్) అందుకే అంత చక్కగా కుదిరింది. 'తుహిన జలాలు' చెవికి ఇంపుగానే ఉంటుంది, ఫొటోలో ఏముందో మాత్రం చెప్పదు.

ఆ సరస్సులో తేలేవి హిమానీనదం అంచు నుంచి విరిగిపడ్డ ముక్కలు. వాటిని మంచుగడ్డలు అనండి. 'మంచుకొండలు' అంటే చిక్కు, ఎందుకంటే వెనకాల నిజంగానే మంచు కప్పిన కొండలున్నాయి. నీటి మీద పొర కడితే మంచుపలక, గాలిలో ఉంటే పొగమంచు. 'గడ్డకట్టిన సరస్సు' అనే ముందు కూడా ఒకసారి ఫొటో చూడండి. పోటు సమయంలో సముద్రపు ఉప్పునీరు లోపలికి వస్తుంది కాబట్టి ఆ సరస్సు అంత సులువుగా గడ్డకట్టదు.

ఇక 'మూడీ'. మన వాడుకలో అది మనుషులకే చెల్లింది: 'పొద్దుట్నుంచీ మూడీగా ఉన్నాడు' అంటాం. 'దిగులు' కూడా మనిషిదే, నీళ్లకు అంటగడితే అతకదు. చూసేవాళ్ల మనసుకు కలిగింది చెప్పాలంటే 'గుబులు' ఉంది: 'ఆ నీళ్లను చూస్తే గుబులు పుడుతోంది' అనండి. వెలుతురు సంగతైతే 'ముసురు పట్టిన వెలుగు' అనవచ్చు. నీటి స్వభావమే చెప్పాలంటే నాకు బాగా ఇష్టమైన మాట 'గంభీరం'. దాని అసలు అర్థమే లోతు. ముఖానికీ గొంతుకూ తర్వాత అన్వయించుకున్నాం. 240 మీటర్లకు పైగా లోతున్న ఆ సరస్సుకు రెండర్థాల్లోనూ సరిపోతుంది.

కూర్పు గురించి రాసేటప్పుడు 'అద్భుతమైన మూడ్ క్రియేట్ చేశారు' అంటే తీసినవారికి ఒరిగేదేమీ లేదు. ఇలా రాసి చూడండి: 'ముందున్న నీలి గడ్డ అంచు ఒక్కటే స్పష్టంగా ఉంది. వెనక కొండల్ని పొగమంచు మింగేసింది. నీటి గీత కొంచెం ఎడమకు ఒరిగింది, అదొక్కటే కన్నుకు అడ్డు.' దీంట్లో మెప్పూ ఉంది, లోపమూ ఉంది, రెండూ ఫొటోలో వేలు పెట్టి చూపించగలిగినవే.

ఒక హెచ్చరిక. మంచంతా బూడిదరంగులో కనిపించగానే 'గంభీరం' అని మెచ్చుకోకండి. తెల్లదనం ఎక్కువైతే కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు మోసపోయి ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోకు అందే వెలుతురును, తగ్గించేస్తుంది. కావాలని ముదురుగా తీసిన ఫొటోలో గడ్డల అంచుల మీదైనా మెరుపు నిలుస్తుంది. అదీ లేకుండా అంతా ఒకే మసకగా ఉంటే, 'వెలుతురు చాలలేదు, ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) పెంచాల్సింది' అని రాయండి.