పెళ్లి రిసెప్షన్‌లో ఎవరి గిన్నె వాళ్లే కలుపుకునే నూడుల్స్ సూపు: రెండు పెళ్లిళ్లలో దగ్గరుండి చూసిన అనుభవం

డిసెంబరులో మిర్యాలగూడలో మీ తమ్ముడి రిసెప్షన్ అని, నాలుగు వందల మంది వస్తారని రాశారు. బగారా అన్నం, మటన్ కూర ఎలాగూ ఉంటాయి, వాటి పక్కన అతిథులు తమకు నచ్చినట్టు కలుపుకునే నూడుల్స్ సూపు కౌంటర్ పెడితే కుదురుతుందా, ఎంత సరుకు పడుతుంది, పెద్దవాళ్లు తింటారా అని అడిగారు. తప్పకుండా పెట్టండి. ఇలాంటి కౌంటర్‌ను నేను రెండుసార్లు దగ్గరుండి చూసుకున్నాను. మొదటిది మహబూబ్‌నగర్‌లో మా మరిది రిసెప్షన్, మే నెలలో. అది పూర్తిగా చెడింది. రెండోది నల్లగొండలో మా చెల్లెలి రిసెప్షన్, మాఘమాసంలో. అది చాలా బాగా జరిగింది. రెండింటికీ ఖర్చు దాదాపు ఒకటే, వంటకాలూ ఇంచుమించు అవే. తేడా అంతా నూడుల్స్‌ను ఎప్పుడు ఉడికించారు, సూపు ఎంత వేడిగా ఉంది, గిన్నెలో ఏది చివర పడింది అన్న దగ్గరే వచ్చింది.

ముందు చెడిన సంగతి చెబుతాను, ఎందుకంటే కేటరింగ్ వాళ్లు మీకూ అదే పద్ధతి చెప్పే అవకాశం ఉంది. మహబూబ్‌నగర్‌లో సాయంత్రం నాలుగింటికే నూడుల్స్ ఉడికించి, నూనె రాసి, పెద్ద పళ్లెంలో మూతపెట్టి ఉంచారు. ఎనిమిదిన్నరకు జనం వచ్చేసరికి అవి ఒకే ముద్ద అయ్యాయి. గరిటెతో తీస్తే సగం పళ్లెం లేచి వచ్చేది. సూపును కింద చిన్న మంట డబ్బా పెట్టే మూత పాత్రలో పోశారు. ఆ మంట వేడిని కాసేపు నిలపగలదేమో కాని, చల్లబడిన సూపును మళ్లీ మరిగించలేదు. పైగా వరుసలో అన్నిటికంటే ముందు సూపు పెట్టారు. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు అంచుల దాకా నిండిన గిన్నె ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో క్యారెట్ ముక్కలు వేసుకుంటూ ఆ బల్ల పొడవునా నడవవలసి వచ్చింది. మా చిన్నత్తయ్య గద్వాల చీర మీద సూపు ఒలికింది. ఆమె ఒక్క మాట అనలేదు, కాని నాకు ఆ రాత్రంతా బాధగానే ఉంది. మే నెల ఎండకు గోడలు రాత్రి తొమ్మిదింటికి కూడా వేడి కక్కుతుంటే, జనం సూపు వైపు చూడకుండా మజ్జిగ దగ్గర నిలబడ్డారు. మీది డిసెంబరు కాబట్టి ఆ ఒక్క చిక్కు మీకు లేదు.

అందుకే చెల్లెలి పెళ్లికి వరుసనే మార్చాం. మొదట ఖాళీ గిన్నె. దాంట్లో నూడుల్స్ వేసేది మన మనిషి. తర్వాత అతిథి తనకు కావలసిన కూరగాయలు, కోడి ముక్కలు, గుడ్డు వేసుకుంటారు. అందరికంటే చివర మరుగుతున్న సూపు పోసేదీ మన మనిషే. అంటే ఎంపిక అంతా అతిథిది, వేడికి సంబంధించిన పని అంతా మనది. సూపు పోసిన చోటి నుంచి నాలుగు అడుగుల్లో కుర్చీలు ఉండాలి. నిమ్మచెక్కలు, కారం, సోయా సాసు వంటివి ఆ వరుసలో పెట్టవద్దు. కుర్చీల మధ్యలో రెండు చిన్న బల్లలు వేసి వాటి మీద పెట్టండి. రుచి చూసిన తర్వాతే కదా పులుపు, కారం కావాలో వద్దో తెలిసేది. వరుసలో పెడితే ప్రతి మనిషీ అక్కడ ఆగుతాడు, వెనక క్యూ పెరుగుతుంది.

నూడుల్స్‌కు నా సలహా బియ్యం నూడుల్స్. మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న పలుచని పట్టీల రకం తీసుకోండి. నల్లగొండ ప్రకాశం బజారులో నాకు కావలసినంత దొరకలేదు, హైదరాబాదు బేగంబజారు నుంచి తెప్పించాం. వీటిని ముందుగా ఉడికించనక్కరలేదు. మామూలు చల్లని నీళ్లలో అరగంట నుంచి నలభై నిమిషాలు నానబెట్టి, వంచి, తడిగుడ్డ కప్పి ఉంచితే చాలు. అతిథి ఎదురుగా, పొడుగు పిడి ఉన్న జాలిలో ఒక గుప్పెడు వేసి మరిగే నీళ్లలో నలభై సెకన్లు ముంచి తీస్తే అప్పుడే ఉడికినట్టు ఉంటాయి. ఆ ముంచే నీళ్లు గంటకోసారి మార్చాలి. లేకపోతే గంజిలా చిక్కబడి నూడుల్స్‌కు జిగురు పడుతుంది. గోధుమ నూడుల్స్ కూడా కావాలంటే ముప్పావు వంతు ఉడకగానే చల్లనీళ్లతో కడిగి, కొద్దిగా నూనె కలిపి ఉంచండి. అయితే ఆ పని అరగంటకు సరిపడా మోతాదుల్లోనే చేయించండి. మూడు గంటల సరుకు ఒకేసారి ఉడికిస్తామని వంటమాస్టరు అంటే ఒప్పుకోవద్దు, ఎంత అనుభవం ఉన్నవాడైనా సరే.

నూడుల్స్‌ను నానబెట్టేముందే విరిచి పొట్టిగా చేయండి. నిలబడి తినేవాళ్లు, పట్టుబట్టలు, చేతిలో పర్సు. చెంచాతో తీసుకోగలిగితేనే తింటారు. చైనాలో పుట్టినరోజుకు నూడుల్స్‌ను తెంపకుండా తింటారు, పొడుగు నూడుల్ దీర్ఘాయుష్షుకు గుర్తని వాళ్ల నమ్మకం. అది నాకు నచ్చి వధూవరులిద్దరికీ మాత్రం విరవని నూడుల్స్‌తో రెండు గిన్నెలు విడిగా చేయించాను. మీరూ చేయించండి.

ఇక సూపు. అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది దీని మీదే, దీనిలో కూడా మొదట నీళ్ల మీద. మన జిల్లా బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరే స్థిరపడింది. ఎముకల సూపు గంటల తరబడి కాగుతుంది. ఆవిరయ్యేది నీరే కాని అందులోని లవణాలు, ఫ్లోరైడ్ కావు. కాగిన కొద్దీ అవి చిక్కబడతాయి. మరిగిస్తే నీళ్లు బాగుపడతాయనుకోవడం ఇక్కడ పనికిరాదు. ఫంక్షన్ హాలు ట్యాంకు నీళ్లు పాత్రలు కడగడానికి ఉంచి, సూపుకు శుద్ధి చేసిన ఇరవై లీటర్ల క్యాన్లే వాడించండి. మొదటిసారి ఇంట్లో ప్రయత్నించినప్పుడు మేం బోరు నీళ్లతో కాచాం. ఎంత మసాలా వేసినా నాలుక మీద చప్పని ఉప్పదనం ఉండిపోయింది.

రెండు రకాల సూపు చాలు. ఒకటి తేటగా ఉండే కోడి సూపు, వియత్నాం వాళ్ల ఫో తరహాలో. దానికి కావలసిన అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, ధనియాలు బగారా వండే మాస్టరు డబ్బాలోనే ఉంటాయి. ఉల్లిగడ్డలను, అల్లాన్ని మంట మీద నల్లగా కాల్చి, పై పొట్టు రుద్దేసి వేయాలి. ఆ సూపుకు వాసన, రంగు వచ్చేది అక్కడే. కోడి మెడలు, వీపు ఎముకలు చికెన్ దుకాణంలో ముందు రోజు చెబితే తక్కువ ధరకు ఇస్తారు. వాటిని ఒకసారి మరిగించి, ఆ మురికి నీళ్లు పారబోసి, మంచి నీళ్లతో మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత మూడు గంటలు సన్నని మంట మీదే ఉంచాలి. కుతకుత ఉడికితే సూపు తెల్లగా, మడ్డిగా అవుతుంది.

రెండోది శాకాహారం, బర్మా పద్ధతిలో కొబ్బరిపాల సూపు. వాళ్లు దాన్ని ఒన్నో ఖావ్ స్వే అంటారు, కొబ్బరిపాల నూడుల్స్ అని అర్థం. బర్మాలో మామూలుగా కోడితో చేస్తారు, మేం కూరగాయలు కాచిన నీళ్లతో చేశాం. చిక్కదనానికి వేసేది శనగపిండి. పైన వేసుకునేవి పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ఉడికించిన గుడ్డు, వేయించిన నూడుల్స్, ఎండుమిరప పొడి, నిమ్మరసం. అసలు ఆ వంటకాన్ని తినేదే ఎవరికి కావలసినవి వాళ్లు వేసుకుని. మన నోటికి ఇంత దగ్గరగా ఉండే నూడుల్స్ సూపు ఇంకొకటి లేదని నా అభిప్రాయం. శనగపిండిని పచ్చివాసన పోయేదాకా వేయించి, చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పోయాలి. అడుగంటుతుంది కాబట్టి కలుపుతూ ఉండే మనిషి కావాలి. కొబ్బరిపాలు చివర పోసి మంట తగ్గించాలి, పెద్ద మంట మీద విరుగుతాయి. మా దగ్గర కోడి సూపు కంటే ఇదే ముందు అయిపోయింది. మాంసం తినేవాళ్లు కూడా దీన్నే పోయించుకుని అందులో కోడి ముక్కలు వేసుకున్నారు.

రెండు సూపులకూ ఉప్పు చివర్లోనే వేయండి. ఉత్తగా తాగితే కాస్త ఎక్కువైందనిపించేలా ఉండాలి, ఎందుకంటే నూడుల్స్‌లోనూ కూరగాయల్లోనూ ఉప్పు లేదు.

సరుకు లెక్క ఇదీ. మాకు 350 మంది వచ్చారు, 250 గిన్నెలకు సిద్ధం చేస్తే 210 దాకా పోయాయి. మీ నాలుగు వందల మందికి 280 గిన్నెలు అనుకోండి. ఇది పూర్తి భోజనం కాదు, బగారాకు ముందు తాగేది. కాబట్టి గిన్నెకు 40 గ్రాముల ఎండు నూడుల్స్, 200 మిల్లీలీటర్ల సూపు. మొత్తం 12 కిలోల నూడుల్స్, 60 లీటర్ల సూపు. అందులో 25 లీటర్లు కోడిది, దానికి 10 కిలోల ఎముకలు, 32 లీటర్ల నీళ్లు. మిగతా 35 లీటర్లు కొబ్బరిపాలది, దానికి 30 కొబ్బరికాయల పాలు, ముప్పావు కిలో శనగపిండి. ఎముకలు లేని కోడి మాంసం ఆరున్నర కిలోలు ఉడికించి పీచులుగా తీయించండి. గుడ్లు 100, సగానికి కోసి. గిన్నెలు 350 మిల్లీలీటర్లవి తీసుకోండి, అంచు దాకా నిండకూడదు. స్టీలు గిన్నె చేతిని కాలుస్తుంది, పలుచని కాగితం గిన్నె మెత్తబడుతుంది. చెరకు పిప్పితో చేసిన గట్టి గిన్నెలు మాకు బాగా నిలిచాయి.

పైన వేసుకునేవి ఎనిమిదికి మించనివ్వవద్దు. మహబూబ్‌నగర్‌లో పదహారు పెట్టారు, ప్రతి గిన్నె ముందూ ఇది ఏమిటని అడిగేవాళ్లే. మేం పెట్టినవి క్యారెట్, క్యాబేజీ, స్వీట్‌కార్న్, మొలకలు, ఉల్లికాడలు, కొత్తిమీర, వేయించిన పల్లీలు, వేయించిన నూడుల్స్. కోడి, గుడ్డు వేరే బల్ల మీద, వేరే గరిటెలతో. శాకాహారులైన బంధువులకు గరిటె మారితే గిన్నె మారినట్టే, ఆ పట్టింపును గౌరవించాలి. మొలకలు పచ్చివి పెట్టవద్దు, ఒక నిమిషం మరిగే నీళ్లలో వేసి తీయండి. కోడి, గుడ్లు చిన్న గిన్నెల్లో కొద్దికొద్దిగా పెట్టి, మిగతావి ఐసు పెట్టెలో ఉంచండి. బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. పల్లీలు పడనివాళ్లు ఉంటారు, కాబట్టి వాటిని దేనిలోనూ ముందే కలపకుండా తెలుగులో పేరు రాసి విడిగా పెట్టండి.

రెండు సూపులూ ముంచే నీళ్లూ గ్యాసు పొయ్యిల మీదే ఉండాలి. కరెంటు పొయ్యి ఒక్కొక్కటి రెండు వేల వాట్ల దాకా లాగుతుంది. లైట్లు, కూలర్లు నడిచే హాలులో మూడు ఒకేసారి పెడితే ఫ్యూజు పోతుంది. పొయ్యిలు అలంకరణ గుడ్డలకు దూరంగా, బయట గాలి తగిలే చోట ఉండనివ్వండి. ఒక సిలిండరు అదనంగా ఉంచండి. మనుషులు నలుగురు కావాలి. ఒకరు నూడుల్స్ ముంచడానికి, ఇద్దరు సూపు పోయడానికి, ఒకరు అయిపోయినవి నింపడానికి.

పెద్దవాళ్ల గురించి అడిగారు. తింటారు, కాని క్యూలో నిలబడరు, నిలబెట్టకూడదు కూడా. మా ఇంటి పిల్లలు ఇద్దరిని ఆ పనికే పెట్టాం. కూర్చున్న చోటికి వెళ్లి, కారం ఎంత వేయాలి అని అడిగి, సగం గిన్నె మాత్రమే కలిపి తెచ్చి ఇచ్చారు. నూడుల్స్ అంటే వద్దన్నవాళ్లు బియ్యం సేమ్యా అంటే తీసుకున్నారు. మిర్యాలగూడ రైసు మిల్లుల మధ్య పెరిగినవాళ్లకు అది బియ్యమే అని చెబితే చాలు. పుంటికూరను ఉడికించి, పచ్చిమిర్చితో మెత్తగా నూరి నిమ్మచెక్కల పక్కన ఉంచాం. మా నాయనమ్మ వయసువాళ్లంతా నిమ్మకాయ ముట్టుకోకుండా ఆ పుంటికూరే అడిగారు. కొబ్బరిపాల సూపులో అర చెంచా కలిపితే నిజంగా గొప్ప రుచి, ఆ బల్ల మీద అది తప్పక ఉండాలి.

కేటరింగ్ వాళ్లకు అడ్వాన్సు ఇచ్చేముందు ఒక ఆదివారం ఇంట్లో పది మందికి చేసి చూడండి. రెండు లీటర్ల సూపు, 400 గ్రాముల నూడుల్స్ సరిపోతాయి. ఆ వంటమాస్టరును పిలిచి నూడుల్స్ ముంచే పని ఆయన చేతే చేయించండి. మీ ఇంట్లో ఏ గిన్నె ముందు ఖాళీ అయిందో రాసి పెట్టుకుని, హాలుకు ఆ సరుకు పావు వంతు పెంచండి.